ఫిన్లాండ్‌కు దారి పీలమేడు మీదుగా

తులనాత్మక విద్యలో పీహెచ్‌డీ చేస్తానని తెలుగు విద్యార్థి నోరు తెరిస్తే చాలు, ఎదుటివాళ్ల మొదటి ప్రశ్న ఒకటే: "ఏ దేశంతో పోలుస్తావు?" ఫిన్లాండ్ అంటే మెచ్చుకుంటారు. సింగపూర్ అంటే తలలూపుతారు. జపాన్, దక్షిణ కొరియా అన్నా పని జరిగిపోతుంది. కోయంబత్తూరు, మధుర (మదురై) అని చూడండి. "అది తులనాత్మక విద్య ఎలా అవుతుందయ్యా? జానపద విజ్ఞానం వైపో, భాషాశాస్త్రం వైపో వెళ్లరాదూ?" అని సలహా వచ్చి పడుతుంది.

ఈ సలహా వెనక మూడు నమ్మకాలు ఉన్నాయి. దేశాన్ని దేశంతో పోలిస్తేనే పోలిక అనేది మొదటిది. తమిళనాట తెలుగువాళ్లు ఎప్పుడో తమిళులైపోయారు, వాళ్ల చదువుల్లో ఇక తెలుసుకోవలసింది ఏమీ మిగల్లేదనేది రెండోది. ప్రపంచం అనే మాట పక్కన ఊరి పేరు పెడితే పరిశోధన స్థాయి దిగజారుతుందనేది మూడోది. మూడూ తప్పే. అంతకన్నా విచారం ఏమిటంటే, ఈ మూడింటినీ పట్టుకుని తెలుగు పరిశోధకులు మరెవరికీ అంత సులువుగా అందని ఒక పరిశోధన క్షేత్రాన్ని చేతులారా వదులుకుంటున్నారు.

మొదట శాస్త్రం సంగతే చూద్దాం. 1817లో మార్క్ ఆంత్వాన్ జూలియెన్ అనే ఫ్రెంచివాడు యూరప్ దేశాల చదువులను పక్కపక్కన పెట్టి చూడాలని ఒక ప్రణాళిక, దానికి తగిన ప్రశ్నావళి ప్రకటించాడు. ఈ శాస్త్రానికి అదే పురుడు అంటారు. అప్పటి యూరప్‌కు ఆ పద్ధతి సరిపోయింది. ప్రభుత్వాలు జాతీయ విద్యావ్యవస్థలు కట్టుకుంటున్న కాలం అది; ఒకరిని చూసి ఒకరు నేర్చుకోవాలి. అయితే 1900లోనే ఇంగ్లండు విద్యావేత్త మైకేల్ సాడ్లర్ గిల్డ్‌ఫర్డ్‌లో చేసిన ప్రసంగంలో ఆ ఉత్సాహానికి పగ్గం వేశాడు. బడి లోపలి సంగతులకన్నా బడి బయటి సంగతులే బడిని నడిపిస్తాయని, పరాయి చోట నచ్చిన ముక్కను తెంపుకొచ్చి మన దగ్గర నాటితే బతకదని ఆయన వాదం. ఆ సాడ్లరే 1917–19లో కలకత్తా విశ్వవిద్యాలయ కమిషన్ అధ్యక్షుడిగా మన దేశం వచ్చాడు.

ఆ తర్వాత 1995లో పరిశోధకులు మార్క్ బ్రే, ముర్రే థామస్ పోలికకు ఏడు అంచెలు చూపించారు: ప్రపంచ ప్రాంతాలు, దేశాలు, రాష్ట్రాలు, జిల్లాలు, బడులు, తరగతి గదులు, వ్యక్తులు. దేశం అంచె దగ్గరే ఆగిపోతే లోపలి తేడాలన్నీ సగటులో కరిగిపోతాయని వాళ్లు హెచ్చరించారు. ఈ రంగంలో అది ఇప్పుడు ప్రామాణికమైన పాఠం. కాబట్టి "ఏ దేశంతో" అని అడిగే పెద్దలు శాస్త్రం తరఫున మాట్లాడుతున్నామని అనుకుంటున్నారు గానీ, శాస్త్రం వాళ్లను దాటిపోయి ముప్పై ఏళ్లు అవుతోంది.

ప్రపంచ విద్య అంటే అటునుంచి ఇటు దిగుమతి అయ్యే సరుకు అనే భ్రమ ఒకటి దీనికి తోడు. దానికీ జవాబు మన దక్షిణాదిలోనే ఉంది. 1789లో మద్రాసులోని సైనిక అనాథ బాలుర ఆశ్రమానికి సూపరింటెండెంటు అయిన ఆండ్రూ బెల్, ఒక వీధిబడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూశాడు. ఇసుక దిద్దుడును, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే పద్ధతిని తన ఆశ్రమంలో అమలు చేసి, 1797లో లండన్‌లో పుస్తకం అచ్చువేశాడు. మద్రాసు పద్ధతి అనే పేరుతో అది ఇంగ్లండు అంతటా పాకి కెనడా దాకా వెళ్లింది. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్‌లో మద్రాస్ కాలేజ్ అనే పాఠశాల ఇప్పటికీ ఆ పేరుతోనే నడుస్తోంది.

పోలికకు కావలసిన లెక్కలు కూడా ఇక్కడ ఎప్పుడో తీశారు. 1822లో గవర్నర్ థామస్ మన్రో ఆదేశంతో కలెక్టర్లు దేశీయ బడుల వివరాలు సేకరించారు. 1826 మార్చిలో మన్రో వాటిని కూడి చెప్పిన లెక్క ప్రకారం మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తంలో 12,498 బడులు, వాటిలో 1,88,650 మంది పిల్లలు. బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక ఇంకా ముందుకు వెళ్లింది. తన జిల్లాలోని 533 బడులను ఆయన భాషల వారీగా విడదీశాడు: కన్నడం 235, తెలుగు 226, మరాఠీ 23, సంస్కృతం 23, పారశీకం 21, తమిళం 4, ఇంగ్లీషు 1. పిల్లల చేత పిల్లలకు చెప్పించే పద్ధతిని ఇంగ్లండు అనుకరించడం సబబేనని కూడా అందులోనే రాశాడు. ఒక జిల్లాలో ఎన్ని భాషల్లో బడులు నడుస్తున్నాయి, ఏ కులం పిల్లలు ఎందరు చదువుతున్నారు అని అడగాలని కంపెనీ కాలపు దొరతనానికే తట్టింది. మన పరిశోధన కమిటీలకు మాత్రం ఆ ప్రశ్న ఇప్పటికీ చిన్నదిగానే కనిపిస్తోంది.

ఇక ఫిన్లాండ్. ఆ పేరు తలవకుండా మన విద్యా సదస్సు ఏదీ ముగియదు. ఉపాధ్యాయులకు గట్టి శిక్షణ, పరీక్షలు తక్కువ, ఇంటిపని తక్కువ: మనవాళ్లు అక్కడినుంచి మోసుకొచ్చే జాబితా ఇంతే. ఆ దేశంలో నూటికి అయిదుగురు ఇళ్లలో స్వీడిష్ మాట్లాడతారని, వాళ్ల పిల్లలకు బాలబడి నుంచి విశ్వవిద్యాలయం దాకా స్వీడిష్‌లోనే చదువుకునే దారి ఉందని ఆ జాబితా చెప్పదు. తమిళనాడులో 2011 జనగణన ప్రకారం తెలుగు మాతృభాషగా నమోదైనవాళ్లు 42 లక్షల పైచిలుకు, రాష్ట్ర జనాభాలో ఇంచుమించు 5.9 శాతం. ఆ ఏడాది ఫిన్లాండ్ మొత్తం జనాభా దాదాపు 54 లక్షలు. అంటే తమిళనాట తెలుగువాళ్లే ఫిన్లాండ్ జనాభాలో ముప్పావు వంతుకు మించి ఉన్నారు. ఆ దేశం పిల్లల చదువు ప్రపంచ విషయం, ఈ పిల్లల చదువు మాత్రం స్థానిక విషయం! ఈ తేడా ఏ కొలబద్దతో తేల్చారో చెప్పాలి.

పోలిక అంకెల దగ్గర ఆగదు. ఫిన్లాండ్ 1809 వరకు స్వీడన్ ఏలుబడిలో ఉంది. అక్కడ స్వీడిష్ ఒకప్పుడు దొరతనం భాష, చదువుకున్నవాళ్ల భాష. మధురలో తెలుగుదీ ఇలాంటి చరిత్రే. పదహారో శతాబ్దంలో విజయనగరం తరఫున వచ్చిన విశ్వనాథ నాయకుడితో మొదలైన నాయక పాలన 1736లో ముగిసింది. 1623 నుంచి 1659 దాకా ఏలిన తిరుమల నాయకుడి మహలును చూడటానికి నేటికీ జనం వస్తారు. విజయరంగ చొక్కనాథుడు స్వయంగా తెలుగులో వచన గ్రంథాలు రాశాడు. సముఖం వేంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతాన్ని వచనంలో చెప్పాడు. తెలుగు వచనం సాహిత్యంగా కాలూనిన చోట్లలో మధుర ముఖ్యమైనదని సాహిత్య చరిత్రలు ఒప్పుకున్నాయి. 1606లో మధురకు వచ్చిన ఇటలీ జెసూట్ రాబర్టో డి నొబిలి తమిళం, సంస్కృతంతో పాటు తెలుగు కూడా నేర్చుకున్నాడు. ఆ నగరంలో శాస్త్రాలు చదివే విద్యార్థులు పదివేలకు పైనే ఉన్నారని 1610 నాటి లేఖలో రాశాడు.

పాలన పోయాక రెండు చోట్లా పాలకుల భాష కొద్దిమంది భాషగా మిగిలింది. అక్కడినుంచి దారులు చీలాయి. 1918లో ఫిన్లాండ్‌లోని తుర్కు నగరంలో దాతల డబ్బుతో ఓబో అకాడమీ అనే స్వీడిష్ విశ్వవిద్యాలయం వెలిసింది. ఆ తర్వాత ఎనిమిదేళ్లకు, 1926లో, కోయంబత్తూరు పీలమేడులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడి నలుగురు కొడుకులు కుటుంబ ఆస్తిని అయిదు భాగాలు చేసి, తలా ఒకటి తీసుకుని, అయిదోదాన్ని ధర్మానికి రాశారు. పి.ఎస్.జి. అండ్ సన్స్ చారిటీస్ పుట్టుక అది. దాని కింద 1939లో పాలిటెక్నిక్, 1951లో ఇంజనీరింగ్ కళాశాల, ఆ తర్వాత వైద్య కళాశాల వచ్చాయి. ఆ దాతల ఇంటి భాష తెలుగు. వాళ్లు కట్టిన విద్యాసంస్థల భాష ప్రధానంగా తమిళం, ఇంగ్లీషు.

రెండు చోట్లా దాతలకు కొదవలేదు. కాలం కూడా ఇంచుమించు ఒకటే. వెనక దొరతనపు జ్ఞాపకం ఉండనే ఉంది. మరి ఒకచోట సొంత భాషలో విశ్వవిద్యాలయం ఎందుకు వచ్చింది, ఇంకోచోట ఆ ఆలోచన ఎందుకు నిలవలేదు? ఫిన్లాండ్ రాజ్యాంగం 1919లోనే రెండు భాషలనూ జాతీయ భాషలుగా గుర్తించడం కారణమా? సముద్రం అవతల స్వీడన్ అండగా ఉండటమా? కోయంబత్తూరులో మిల్లు నడవాలంటే కూలీల తమిళం, యంత్రాల ఇంగ్లీషు కావలసి రావడమా? భూమి, నూలు, పంపుసెట్లు చూసుకునే కుటుంబాలకు తెలుగు ఇంటి గడప దాటవలసిన అవసరమే పడకపోవడమా? ఈ నాలుగింటిలో దేని బరువు ఎంతో తేల్చడానికి అయిదేళ్లు పడుతుంది. డాక్టరేట్ అంటే ఇదే కదా! ఈ ప్రశ్న ఫిన్లాండ్ ఒక్కదాన్నీ చూసినవాడికి తట్టదు. కోయంబత్తూరు ఒక్కదాన్నీ చూసినవాడికీ తట్టదు.

పరాయి విద్యను ఇక్కడికి తెచ్చే విషయంలో కూడా కోయంబత్తూరు దగ్గర సొంత పాఠం ఉంది. కలంగల్‌లో పుట్టిన జి.డి. నాయుడు (1893–1974) బడిలో నిలవలేదు. 1920లో ఒక్క బస్సుతో వ్యాపారం మొదలుపెట్టి, జర్మనీ, అమెరికా తిరిగి యంత్రాల మర్మం పట్టాడు. 1945లో ఆయన చొరవతో అప్పటి మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ పేరిట సాంకేతిక విద్యాసంస్థలు మొదలయ్యాయి. ఇంజనీరింగు చదువుకు నాలుగేళ్లు దండగ, రెండేళ్లు చాలునని ఆయన పట్టుబట్టాడు. ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఆయన ప్రిన్సిపాల్ పదవి వదులుకున్నాడు. ఆయన వాదం సరైనదా కాదా అనేది వేరే చర్చ. ప్రపంచం చూసి వచ్చిన మనిషి, చూసినదాన్ని తన ఊరి మిల్లుకు, వర్క్‌షాపుకు సరిపోయేలా కత్తిరించాలని చూశాడు. రాజ్యం తన కొలతే అందరికీ అంది. విద్యను అరువు తెచ్చుకోవడం గురించి పుస్తకాలకు పుస్తకాలు చదివే పరిశోధకుడు ఈ తగవు కాగితాలు వెతకడానికి కోయంబత్తూరు వెళ్లడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే.

రెండో నమ్మకానికి వద్దాం: తమిళనాట తెలుగువాళ్లు తమిళులైపోయారట. అలాగైతే జనగణనలో తెలుగు మా భాష అని చెప్పిన ఆ 42 లక్షల మంది ఎవరు? కోయంబత్తూరు, మధుర ప్రాంతాల్లోని పాత తెలుగు కుటుంబాలు చాలావాటికి తెలుగు లిపి రాదు. పిల్లలు చదివేది తమిళంలోనో ఇంగ్లీషులోనో. అయినా వంటింట్లో, పొలం గట్టు మీద తెలుగు మాట నిలిచే ఉంది. బడి సాయం లేకుండా, అక్షరం లేకుండా ఒక భాష శతాబ్దాల తరబడి ఇంట్లో బతకడం విద్యాశాస్త్రానికి మామూలు విషయం కాదు. బడి లేకపోతే భాష చస్తుందని నమ్మేవాళ్లకు అది జవాబు చెప్పాల్సిన ఉదాహరణ.

ఇక్కడే మన తెలుగు సభల్లో వినిపించే ఏడుపును కూడా ఖండించాలి. తమిళ ప్రభుత్వం తెలుగు చదువును అణచివేయడం వల్లే ఇదంతా జరిగిందని అక్కడ చెబుతారు. 2006లో తమిళనాడు తెచ్చిన చట్టం తమిళాన్ని ఒకటో తరగతి నుంచి ఏటా ఒక్కో తరగతి చొప్పున తప్పనిసరి చేసింది. దాని మీద మైనారిటీ భాషల బడులు కోర్టులకు వెళ్లాయి, పదో తరగతి పరీక్షకు మినహాయింపులు తెచ్చుకున్నాయి. ఆ కష్టం నిజమే. కానీ ఆ దెబ్బ ప్రధానంగా తగిలింది తెలుగు మాధ్యమం బడులు నడుస్తున్న హోసూరు, తిరువళ్లూరు లాంటి సరిహద్దు ప్రాంతాలకు. కోయంబత్తూరులో తెలుగు ఇళ్ల పిల్లలు ఆ చట్టానికి ఎన్నో తరాల ముందునుంచే తమిళంలో చదువుతున్నారు. 2006 చట్టాన్ని చూపించి 1926 నాటి నిర్ణయాన్ని ఎలా వివరిస్తారు? ఒకే రాష్ట్రం, ఒకే ఇంటి భాష. హోసూరులో బడి దాకా వచ్చిన తెలుగు కోయంబత్తూరులో ఎందుకు రాలేదు? ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయాలని రాష్ట్రాలకు చెప్పే 350-ఎ అధికరణం 1956 ఏడో సవరణతో రాజ్యాంగంలో చేరింది. అదే అధికరణం ఒక జిల్లాలో బడిగా మారింది, ఇంకో జిల్లాలో కాగితంగా మిగిలింది. కన్నీళ్లు ఈ ప్రశ్నకు జవాబు ఇవ్వవు.

మధురలో ఈ పోలికకు ఇంకో తోడు దొరుకుతుంది. పట్టునేత పనితో ఆ నగరంలో స్థిరపడిన సౌరాష్ట్రుల ఇంటి భాష కూడా తమిళం కాదు. వాళ్లకు సరిహద్దు అవతల అండగా నిలిచే సొంత భాషారాష్ట్రం లేదు. తెలుగువాళ్లకు 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాక ఉంది. అండ ఉన్నవాళ్ల భాష, అండ లేనివాళ్ల భాష ఒకే నగరం బడుల్లో ఎలా నెగ్గుకొచ్చాయో చూస్తే, భాష నిలవడానికి ప్రభుత్వమే ఆధారమనే మాట ఎంతవరకు నిజమో తెలుస్తుంది.

అన్నిటికన్నా పెద్ద తప్పు తెలుగువాళ్లు అని ఒకే ముద్ద చేయడం. కోయంబత్తూరు ప్రాంతంలో కమ్మవారి నాయుళ్లు ఉన్నారు, బలిజలు ఉన్నారు, దేవాంగ నేతగాళ్లు ఉన్నారు. అరుంధతియర్లూ ఉన్నారు. ఈ దళిత సమూహంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఎక్కువ; కన్నడం మాట్లాడేవాళ్లూ ఉన్నారు. తోలుపని, పారిశుధ్యపు పని తరతరాలుగా వీళ్ల నెత్తిన పడ్డాయి. మిల్లు యజమాని ఇంటి భాష, ఆ మిల్లు ముందు వీధి ఊడ్చే కార్మికురాలి ఇంటి భాష ఒకటే. ఆ రెండు ఇళ్ల పిల్లలకూ బడి భాష పరాయిదే. ఒక ఇంటి నుంచి ఇంజనీరింగు కళాశాలలు పుట్టాయి. ఇంకో ఇంటి పిల్లలు ఎస్సీ కోటాలో కూడా తమ వాటా అందుకోలేకపోతున్నారని గుర్తించి, 2009లో తమిళనాడు ప్రభుత్వం ఆ కోటాలోని 18 శాతంలో 3 శాతం అరుంధతియర్లకు విడిగా కేటాయించవలసి వచ్చింది. ఉపవర్గీకరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో తేల్చింది.

ఇంటి భాషకు, బడి భాషకు పొంతన లేకపోవడమే పిల్లల వెనకబాటుకు మూలమని ప్రపంచమంతటా పుస్తకాలు వచ్చాయి. ఆ సిద్ధాంతాన్ని పరీక్షించడానికి ఇంతకన్నా మంచి చోటు ఏది? భాష ఒకటే ఉండి కులం, ఆస్తి మారినప్పుడు ఫలితం ఇంతగా మారితే, భాష పాలు ఎంత, కులం పాలు ఎంత అని విడదీయవచ్చు. రెండు దేశాలను పోల్చేటప్పుడు భాష, కులం, చట్టం, పాఠ్యపుస్తకం, బడ్జెట్టు అన్నీ ఒకేసారి మారిపోతాయి. ఏది దేనికి కారణమో తేల్చడం దాదాపు అసాధ్యం. కోయంబత్తూరులో ఒక వీధిలోనే ఆ పోలిక కుదురుతుంది. పద్ధతి దృష్టితో చూసినా బలమైనది ఇదే.

దేశాల సగటు ఎంత మోసం చేస్తుందో తమిళనాడుకే అనుభవం. దేశదేశాల విద్యార్థుల సామర్థ్యాన్ని పోల్చే పీసా పరీక్షల 2009 విడతలో భారత్ తరఫున పాల్గొన్నవి రెండే రాష్ట్రాలు: తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్. 2011 చివర్లో ఫలితాలు వస్తే రెండూ పట్టిక అట్టడుగున కనిపించాయి. పత్రికలు గగ్గోలు పెట్టాయి, తర్వాతి విడతలకు దేశం దూరంగా ఉండిపోయింది. పీసాలో పిల్లలను ఇంట్లో ఏ భాష మాట్లాడతారని కూడా అడుగుతారు. ఫిన్లాండ్ తన స్వీడిష్ బడుల ఫలితాలను విడిగా తీసి చూసుకుంటుంది. అవి ఫిన్నిష్ బడులకన్నా కొంచెం తక్కువగా ఉంటే ఎందుకని చర్చిస్తుంది. మనం మాత్రం ర్యాంకు చూసి సిగ్గుపడి పుస్తకం మూసేశాం. తమిళనాడు అనే ఆ ఒక్క అంకె కింద తెలుగు, కన్నడ, సౌరాష్ట్ర, ఉర్దూ ఇళ్ల పిల్లలు ఉన్నారన్న ఆలోచనే మన చర్చలో రాలేదు. ఫిన్లాండ్ నుంచి నేర్చుకోవలసింది ఏదైనా ఉంటే ముందు ఈ అలవాటు.

మూడో నమ్మకం, ఊరి పేరు పెడితే ప్రపంచం చిన్నదైపోతుందనేది. మారిషస్‌ను తీసుకోండి. పంతొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటలకు వెళ్లిన తెలుగువాళ్ల సంతతి అక్కడ ఇప్పుడు ఇళ్లలో ఎక్కువగా మాట్లాడేది క్రియోల్. కానీ సర్కారు బడుల్లో తెలుగు ఒక పాఠ్యాంశం. 1970లో ఏర్పడిన మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నత స్థాయిలో కూడా నేర్పుతారు. అక్కడ తెలుగు బడిలో ఉంది, ఇంట్లో లేదు. కోయంబత్తూరులో ఇంట్లో ఉంది, బడిలో లేదు. బడి భాషను ఎంతవరకు నిలపగలదు, ఇల్లు ఎంతవరకు నిలపగలదు అనే ప్రశ్నకు ఈ రెండు చోట్లూ రెండు కొసలు. దీన్ని ప్రపంచ స్థాయి అనకపోతే ఇంకేం అంటారు?

ఎదురు పోలిక కూడా ఉంది. పాత చిత్తూరు జిల్లా నగరి, సత్యవేడు వైపు తమిళం మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. వాళ్ల పిల్లలకు మన రాష్ట్రం ఏం చేసిందో చూడకుండా, తమిళనాడు మన పిల్లలకు ఏం చేయలేదో మాట్లాడటం న్యాయం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో సవర, కోయ, గోండి వంటి గిరిజన భాషల్లో పిల్లలకు తొలి చదువు మొదలుపెట్టింది. అదే నేల మీద 2019లో ప్రభుత్వ బడులన్నింటిలో ఇంగ్లీషు మాధ్యమం అని జీవో వచ్చింది. 2020లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. తల్లిభాష గురించి మన విధానాలే ఇలా అటూ ఇటూ ఊగుతున్నప్పుడు, నగరి తమిళ పిల్లవాడిని, కోయంబత్తూరు తెలుగు పిల్లను పక్కపక్కన పెట్టి చూడటం రెండు ప్రభుత్వాలకూ అద్దం పట్టడమే.

ఇక అభ్యంతరాలు. దత్తాంశం దొరకదంటారు. జనగణనలో మాతృభాషల పట్టికలు, రెండు మూడు భాషలు వచ్చినవాళ్ల పట్టికలు అచ్చులో ఉన్నాయి. భాషాపర అల్పసంఖ్యాకుల కమిషనర్ రాష్ట్రపతికి ఇచ్చిన నివేదికలు యాభైకి పైగా ఉన్నాయి. వాటిలో రాష్ట్రాల వారీగా బడుల సమాచారం ఉంది. మన్రో కాలపు నివేదికలను ధరంపాల్ 1983లోనే పుస్తకంగా తెచ్చాడు. మధుర కామరాజ్ విశ్వవిద్యాలయంలో తెలుగు, తులనాత్మక సాహిత్యాలకు ఒక శాఖ కూడా ఏర్పడింది. లేనిది దత్తాంశం కాదు, వెతికే ఓపిక.

అక్కడ పని చేయాలంటే తమిళం రావాలి కదా అంటారు. అవును, రావాలి. ఈ అభ్యంతరంలో నిజం ఉంది. తెలుగు, ఇంగ్లీషు మాత్రమే వచ్చినవాడు కోయంబత్తూరు బడి హాజరుపట్టీ కూడా చదవలేడు. తమ సొంత కథ రాసుకున్న తెలుగువాళ్లు కూడా తమిళంలోనే రాసుకున్నారు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగు. బడిచదువు అంతంతమాత్రం. తెలుగు వలస కుటుంబాల బతుకును తమిళ నవలలుగా రాసి, 1991లో 'గోపల్లపురత్తు మక్కళ్'కు సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నాడు. అంతకు ముందే పాండిచ్చేరి విశ్వవిద్యాలయం ఆయన్ను అధ్యాపకుడిగా పిలుచుకుంది. అలాంటి మనిషి జీవితమే ఈ పరిశోధనలో ఒక అధ్యాయం అవుతుంది. అది చదవాలంటే తమిళం నేర్చుకోవాలి. తమిళం నేర్చుకోవడానికి జంకేవాళ్లు ఫిన్లాండ్ మీద సిద్ధాంత గ్రంథం రాసేటప్పుడు ఫిన్నిష్ ఎంత నేర్చుకున్నారో కూడా చెబితే బాగుంటుంది.

తమిళ రాజకీయాల్లో ఇది సున్నితమైన విషయం, తెలుగు దురభిమానం అంటారు అనేది ఇంకో భయం. దురభిమానం ఉంటే అంటారు, అనాలి కూడా. ఈ పని తెలుగును మళ్లీ గద్దెనెక్కించడానికి చేసే పని కాదు. నాయకరాజుల వైభవం పాడుకోవడానికీ కాదు. తమిళంలో చదివిన తెలుగు పిల్లలు బాగుపడ్డారని తేలితే అది కూడా రాయాలి. అరుంధతియర్ పిల్లల వెనకబాటులో తెలుగు భూస్వాముల పాత్ర బయటపడితే అది ఇంకా గట్టిగా రాయాలి. ముందే జవాబు తెలిసిన పరిశోధన ఎక్కడ చేసినా దండగే.

ఉద్యోగాలు రావనేది చివరి మాట. అంతర్జాతీయ పత్రికల్లో అచ్చు కావాలంటే విదేశీ ఉదాహరణ ఉండాలని మన ఆచార్యులు విద్యార్థులను భయపెడతారు. ఆ పత్రికలు అడిగేది కొత్త సాక్ష్యం, గట్టి ప్రశ్న. ఫిన్లాండ్ ఉపాధ్యాయ శిక్షణ మీద హైదరాబాదు గ్రంథాలయంలో కూర్చుని రాసిన మరో సమీక్ష ఎవరికి కొత్త? నూరేళ్ల కిందట పీలమేడులో, తుర్కులో దాతలు తీసుకున్న రెండు నిర్ణయాలను రెండు చోట్లా కాగితాలు తిరగేసి పోల్చే పని ఎవరి చేతిలో పెట్టినా చదువుతారు.

విదేశాలకు వెళ్లవద్దని ఎవరూ అనడం లేదు. హెల్సింకీ వెళ్లండి, మారిషస్‌లోని పోర్ట్ లూయీ వెళ్లండి. వెళ్లేముందు కోయంబత్తూరు రైలు ఎక్కండి, మధురలో కొన్ని నెలలు ఉండండి, తమిళ అక్షరాలు నేర్చుకోండి. పర్యవేక్షకులైన ఆచార్యులకు ఒక విన్నపం: తులనాత్మక విద్యలో చేరతానని వచ్చిన విద్యార్థిని ఇకమీదట "ఏ దేశంతో" అని అడగకండి. "ఏది మారకుండా ఉంచి ఏది మారిందని చూస్తావు? ఎవరి పిల్లలను ఎవరి పిల్లలతో పోలుస్తావు?" అని అడగండి. ఆ రెండింటికీ జవాబు లేని పరిశోధన ప్రతిపాదనలో ఎన్ని దేశాల పేర్లు ఉన్నా అది విహారయాత్ర పథకమే. దానికి డాక్టరేట్ ఇవ్వనక్కర్లేదు.